కిష్టమ్మ ఎత్తిన బోనం

కిష్టమ్మను మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా ఆయన సోమేశ్వరరావుగారికి నానక్‌రామ్‌గూడ బడికి బదిలీ అయి, కాకినాడ వైపు నుంచి సామానుతో సహా వచ్చి ఎద్దుల బండి దిగాం. అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు రాతి గుట్టలు, జొన్న చేలు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. మాకు కిరాయికి గది ఇచ్చిన సాయిలుగారి కూతురు, దారి చూపిస్తానని ముందు నడిచింది. పట్టుమని పాతిక అడుగులు వేసిందో లేదో, నడి దారిలో గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు రొమ్ముకు ఆనించుకుని, తల వంచుకుని, అలా కూర్చునే ఉంది. నెత్తిన ఎండ, చేతిలో ట్రంకు పెట్టె, ఇదేం పొగరు తల్లీ అనుకున్నాను. లేచింది, నడిచింది, మళ్ళీ కూర్చుంది. ఈసారి తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు ఊదా రంగులో ఉన్నాయి. గోళ్ళూ అదే రంగు.

"పరేషాన్ గాకు పంతులమ్మా, నేనింతే. జరసేపు నడుస్త, జరసేపు కూసుంట. నీకు తొందరుంటే సక్కగ పో, ఆ కొసాకు కనవడేది మా ఇల్లే" అంది.

పంతులు మా ఆయన. నేను ఎనిమిదో క్లాసు తప్పినదాన్ని. అయినా ఆ ఊళ్ళో నన్ను పంతులమ్మ కాకుండా చేయడం ఎవరి తరమూ కాలేదు.

పుట్టుకతోనే కిష్టమ్మ గుండెకు చిల్లు ఉంది. చిల్లొక్కటే కాదు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి కూడా ఇరుకట. నడిస్తే దమ్ము అందదు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటేనే తేరుకుంటుంది. పన్నెండేళ్ళప్పుడు సాయిలుగారు పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చూసి ఆపరేషను ఇక్కడ కాదు, ఎక్కడో బొంబాయిలోనో వెల్లూరులోనో అన్నాడు. బరువులు ఎత్తకూడదు, రక్తం చిక్కన గనుక ఒంట్లో నీళ్ళు తగ్గనివ్వకూడదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మాత్రం ఈ పిల్ల నిలవదు అన్నాడు. పిల్ల వింటోందన్న ఇంగితం లేకుండా, ఇరవై దాటదని కూడా అన్నాడు. నేను చూసేటప్పటికి ఆమెకు ఇరవై నాలుగు.

"ఆ డాక్టరున్నడో పోయిండో గాని, నేనైతే ఉన్న" అనేది. రంగు మీద ఎవరైనా నోరు జారితే, "నాకు కిష్టమ్మ అని ఊకె పెట్టిండ్రా? రంగు జూసే పెట్టిండ్రు" అని తనే నవ్వేది. నాకు ఆ నవ్వు చూస్తే జాలేసేది. ఆమెకు మాత్రం జాలి పడేవాళ్ళంటే గిట్టదు. కూర్చుని చేసే పనుల్లో ఆమె ముందు ఎవరూ నిలిచేవాళ్ళు కారు. బర్రెల పాలు పిండడం, జొన్నరొట్టెలు కొట్టడం, విత్తనాలు ఏరడం అన్నీ ఆమెవే. వాళ్ళమ్మ పోయాక ఇంటి పెత్తనమూ ఆమెదే. తమ్ముడు ఐలయ్య ఆ పాలు సైకిలు మీద పట్నం తీసుకుపోయి పోసి వచ్చేవాడు.

డెబ్బైలో గత్తర వచ్చింది. మేం కలరా అంటాం, వాళ్ళు గత్తర అంటారు. ఏళ్ళ తరబడి దేశాలు పట్టుకు తిరుగుతున్న కలరా ఇంకో దేశానికి పాకిందని రేడియోలో విని, ఎక్కడో లెమ్మని పడుకున్నాం. తొలకరి వానలు పడేసరికి అది మా బావి దగ్గరికే వచ్చింది. మొదట బండలు కొట్టే ఒకాయన పోయాడు. పొద్దున వాంతులు మొదలైతే దీపాల వేళకు ప్రాణం లేదు. ఆయన భార్య సక్కుబాయి. వాళ్ళ ఇల్లు సరిగ్గా ఊరి పెద్ద బావికి ఎదురుగా ఉంటుంది. ఆ తర్వాత ఇంకో ఇంట్లో ముసలామె, మరో ఇంట్లో పసిపిల్ల.

పంచాయతీ సమితి నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సూదుల పెట్టె చూడగానే ఊరు ఊరంతా గుట్టల్లోకి పారిపోయింది. బావిలో కలపమని బ్లీచింగ్ పౌడరు బస్తా తెచ్చి బడిలో దింపాడు. దాన్ని కదిలించే వాడు లేడు. ఎందుకంటే పోచమ్మ పండుగ జరిపించే పెద్దమనిషి వీరేశం అడ్డం పడ్డాడు.

"అమ్మకు బోనం వండేది ఆ బావి నీళ్ళతోని. అండ్ల మందు గలుపుతరా? బోనాలైనంక జూద్దాం. అప్పటిదాంక సూది లేదు, మందు లేదు" అన్నాడు. చెడ్డవాడు కాడు. నమ్మినదాన్ని గట్టిగా నమ్మేవాడు, అంతే. బోనాలకు ఇంకా రెండు వారాలున్నాయి. ఆ రెండు వారాలు గత్తర పక్కన కూర్చుని ఎదురు చూస్తుందా?

కిష్టమ్మ పరిస్థితి నాకు తెలుసు. ఊళ్ళో మిగతావాళ్ళకు గత్తర తగిలితే బతికితే బతుకుతారు. ఆమెకు తగిలితే బతకడమన్న మాటే లేదు. అందుకని నేనే చెప్పాను: "నువ్వు బయటికి రాకు. తలుపు వేసుకుని కాచిన నీళ్ళు తాగుతూ ఇంట్లో కూర్చో. మీ బర్రెల పాలు నేను పిండిస్తాను."

"తలుపేసుకుంటే అయిపోతదా పంతులమ్మా? ఐలయ్య బావి కాడ తాగి ఇంటికే వస్తడు గదా. బాపు వస్తడు. నేను నీళ్ళు మసలబెట్టుకుంటే నా ముంత ఒక్కటే మంచిగుంటది. ఊరు మంచిగుంటెనే నేనుంట" అంది.

అనడమే కాదు, బయల్దేరింది. నడుస్తూ, కూర్చుంటూ, ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడపలోనూ గొంతుక్కూర్చుని, నీళ్ళు మసలబెట్టుకుని తాగండని, బావిలో మందు వేయించండని చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "నీ గుండెకే బొక్కున్నది, మా కడుపుల సంగతి నీకెందుకు పిల్లా" అన్నారు కొందరు. వీరేశం ఇంటి ముందు మాత్రం అంతకంటే పెద్ద మాట పడింది.

"పోయినేడు మీ ఇంటికెల్లి బోనం రాలే. అమ్మకు కోపం రాక ఏమైతది? ముందుగాల నీ ఇంటి బోనమియ్యి, తర్వాత ఊరికి బుద్ధి చెప్పు" అన్నాడు ఆయన.

పోయినేడు వాళ్ళమ్మ చనిపోయింది. మైల ఇంటి నుంచి బోనం రాకూడదన్నది ఈ పెద్దమనిషి చెప్పిన నియమమే. ఈ ఏడు ఐలయ్య భార్య చంద్రమ్మ ఎత్తాలి, కానీ ఆమె కాన్పుకని బాచుపల్లిలో పుట్టింట్లో ఉంది. ఇంటి ఆడమనిషే ఎత్తాలి గనుక ఇక మిగిలింది ఒక్కతే.

ఇంటికి వచ్చి చెప్పింది: "బాపూ, బోనం నేనెత్తుత."

సాయిలుగారు నోటి మీద గుడ్డ పెట్టుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు, తిట్టాను. నెత్తిన కుండ, కుండలో అన్నం, దాని మీద దీపం. ఇంటి దగ్గర ఎత్తుకుంటే గుట్ట అవతలి పోచమ్మ గుడి దాకా నేలకు దించకూడదు. పైగా ఎత్తే మనిషి ఉపవాసం. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే కదా! "బరువెత్తొద్దన్నారు, నీళ్ళు మానొద్దన్నారు. రెండూ ఒకేసారి చేసి చస్తావా?" అన్నాను.

"సావనీకె గాదు, బతకనీకె ఎత్తుతున్న. బోనమియ్యనిదాని మాట ఊర్ల ఎవ్వరింటరు చెప్పు? గుడి కాడ బోనం దించి, అందరి ముంగట వీరేశం కాకను అడుగుత, ఇగ బావిల మందెయ్యుమని. అప్పుడేమంటడు? ఒక్కపొద్దు అన్నానికే పంతులమ్మా, నీళ్ళకు గాదు. గా సంగతి అమ్మకు నేను చెప్పుకుంట" అంది.

మొండిది. ఇక లాభం లేదని నేనూ కొంగు బిగించాను. రోజూ సాయంత్రం వాకిట్లో ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని నడక నేర్చుకునేది. నడవడం ఎలాగూ వచ్చు. కుండతో గొంతుక్కూర్చోవడం, కుండతో లేవడం, అదీ అసలు విద్య. రెండు కుండలు పగలగొట్టింది. మూడోదానికి మెడ కుదిరింది. పుట్టినప్పటి నుంచీ కూర్చుని లేస్తున్న మోకాళ్ళు గనుక, ఊళ్ళో ఏ ఆడమనిషికీ చేతకాని పని ఆమెకు చేతనైంది.

ఆ ఆదివారం రానే వచ్చింది. పసుపు రాసి బొట్లు పెట్టిన కుండ, వేపమండలు, పైన దీపం. మధ్యాహ్నం దాటాక డప్పులు మోగాయి. పెళ్ళిలో కంటే ఎక్కువ ముస్తాబై ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు బోనాలతో బయలుదేరారు. నేను కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు కొంగు చాటున పెట్టుకుని కిష్టమ్మ పక్కనే నడిచాను. ఐలయ్య వెనకాల ఉన్నాడు.

మొదటిసారి కూర్చుంది. కుండ కదల్లేదు. రెండు గుక్కలు తాగించాను. లేచింది. రెండోసారి కూర్చుంటే వెనకనున్నవాళ్ళు సణిగారు. "దీనెంబడి పోతే పొద్దు గూకుతది" అన్నది ఒకామె. నేను వెనక్కి తిరిగి ఒక చూపు చూశాను. నా చూపు అప్పట్లో బాగానే పనిచేసేది.

మూడోసారి పెద్ద బావి దగ్గర. అక్కడికి వచ్చేసరికి మబ్బు విడిచి ఎండ కాల్చేస్తోంది. మైసాక్షి ధూపం పొగ ముఖాల మీద కమ్ముకుంది. కిష్టమ్మ ఒక్కసారిగా కూలబడినట్టు గొంతుక్కూర్చుంది. పెదాలు ఊదా రంగు దాటి నల్లబడ్డాయి. ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది. కళ్ళు సగం మూతపడ్డాయి. ఒళ్ళంతా వణుకుతోంది, గొంతులోంచి ఒకటే ఎగశ్వాస. కుండ మీద చెయ్యి మాత్రం వదల్లేదు.

నాకు తెలుసు అది ఏమిటో. ఊరికి ఇంకోటి అర్థమైంది.

"అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!" అని ఎవరో కేక పెట్టారు.

అంతే, డప్పుల దరువు మారిపోయింది. జనం తోసుకు వచ్చారు. ఆ తోపులాటలో నా చెంబు పడి నీళ్ళన్నీ మట్టిపాలయ్యాయి. పసుపునీళ్ళు తెచ్చి కిష్టమ్మ కాళ్ళ మీద గుమ్మరించారు. అమ్మవారు పూనితే నిలబడి ఊగాలి గదా, ఈమె కూర్చుందేమిటని ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని పైకి లేపబోయారు. ఆమె ప్రాణం ఆ కూర్చోవడంలోనే ఉంది. లేపితే పోతుంది.

"లేపకండి! వదలండి, చచ్చిపోతుంది!" అని గొంతు చించుకున్నాను. డప్పుల్లో నా అరుపు ఎవడికి వినిపిస్తుంది? ఐలయ్య ఒక చేత్తో కుండ ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో వాళ్ళను నెట్టాడు. కిష్టమ్మ నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుంది.

అప్పుడు వీరేశం వచ్చాడు. పదిహేను రోజులుగా ఆమె మాట వినని మనిషి తలపాగా తీసి చేతులు జోడించాడు.

"తల్లీ, తప్పైంది. నీ బిడ్డలం. గత్తర ఎన్నడు పోతది? ఏం జేస్తే పోతది, చెప్పు తల్లీ!"

నా బుర్ర పాదరసంలా పనిచేసింది. దేవుడిచ్చిన అవకాశం! వంగి ఆమె చెవిలో అన్నాను: "అవుననవే. అమ్మనే అని చెప్పు. బావిలో మందు వేయమను. సూదులు వేయించుకోమను. ఒక్క మాట అను, ఊరంతా వింటుంది."

కిష్టమ్మ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, చేతులు జోడించిన వీరేశాన్ని చూసింది.

"డప్పులు... ఆపుండ్రి" అంది.

ఆగిపోయాయి. ఊరంతా ఊపిరి బిగబట్టింది. బిగబట్టడానికి ఊపిరి లేనిది ఆమె ఒక్కతే.

"నా మీదికి... ఎవ్వరు రాలే కాకా. నేను కిష్టమ్మను. సాయిలు బిడ్డను. నాకు దమ్మాడుతలేదు... గంతే." గాలి పీల్చుకుంది. "పదిహేను రోజుల సంది... గిదే నోటితోని చెప్పిన. నీళ్ళు మసలబెట్టుండ్రి, బావిల మందెయ్యుండ్రి. అప్పుడు ఇనలే. ఇప్పుడు అమ్మ అనుకొని... దండం పెడుతున్నరు. దండం నాకొద్దు. మాట ఇనుండ్రి. గత్తర నాకు తగిలితే... నేనుండ. నాకు బతకాలని ఉన్నది."

వీరేశం ముఖం కందగడ్డలా అయింది. జోడించిన చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు ఆయనకు. జనంలో గుసగుస మొదలైంది. నాకైతే కిష్టమ్మను చెంపదెబ్బ కొట్టాలన్నంత కోపం వచ్చింది. నోటి దగ్గరికి వచ్చిన దాన్ని కాలదన్నుకుంది!

"నీళ్ళు..." అంది కిష్టమ్మ. నా చెంబు ఖాళీ. పక్కనే ఉన్న బావి నీళ్ళు ఇవ్వలేను. చుట్టూ చూశాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. సక్కుబాయి బయటికి వచ్చింది. భర్త పోయి నెలైనా కాలేదు, ఏడాది మైల ఉంది. అలాంటి మనిషి బోనానికి ఎదురు రాకూడదు, అసలు తలుపు సందులోంచి కూడా చూడకూడదు. ఆమె చేతిలో ఇత్తడి చెంబు పట్టుకుని జనంలోకి నడిచి వచ్చేసింది. ముట్టుకుంటే ఎక్కడ మైల అంటుతుందోనని జనం తప్పుకున్నారు.

"సక్కుబాయీ! మైల ఇంటి నీళ్ళు బోనమెత్తినామెకు ఇస్తవా?" అని వీరేశం అరిచాడు.

కిష్టమ్మ మైల సంగతి అడగలేదు. ఆ ఎగశ్వాసలోనే, "మసలబెట్టినవేనా?" అని అడిగింది.

"మసలబెట్టినవే. నువ్వు గడపల కూసోని చెప్పిపోయినవు గదా, ఆనాటి సంది మసలబెడుతున్న" అంది సక్కుబాయి. ఎదురుగా తనూ గొంతుక్కూర్చుని, చెంబు ఆమె నోటికి అందించింది. కిష్టమ్మ గుక్క గుక్కగా తాగింది. ఊళ్ళో అందరూ నిలబడి, ఒక మనిషి నీళ్ళు తాగడం చూశారు. మెల్లగా వణుకు తగ్గింది. నల్లబడ్డ పెదాలు మళ్ళీ తన రంగుకు వచ్చాయి.

సక్కుబాయి ఆ ముఖాన్నే చూస్తోంది. "నీళ్ళు తాగితే పాణం నిలవడుతదా కిష్టమ్మా?" అని అడిగింది.

"నాకైతే నిలవడుతది అక్కా."

"మా ఆయన పొద్దందాక నీళ్ళు అడిగిండు. వాంతులైతున్నయి, నీళ్ళియ్యొద్దు అన్నరు. నేనియ్యలే. బావి ముంగట ఇల్లు వెట్టుకొని, నీళ్ళు నీళ్ళు అనుకుంటనే పోయిండు. నేనియ్యలే." ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే మేం తట్టుకునేవాళ్ళం.

ఇయ్యొద్దన్నది ఎవరో అందరికీ తెలుసు. అందరం ఒక్కొక్కరే చెప్పాం. ఊళ్ళో ఏ ఇంట వాంతులు పట్టినా చెప్పే మాట అదే. వీరేశం తలపాగా తల మీద పెట్టుకోవడం మరిచిపోయి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

కిష్టమ్మ లేచింది. బోనం కదల్లేదు. సక్కుబాయి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ముందు ఎవరూ కదలకపోతే, డప్పులు లేకుండానే వాళ్ళిద్దరూ గుట్ట వైపు నడవడం మొదలుపెట్టారు. వీరేశం ఏమంటాడా అని అందరూ ఆయన ముఖం చూశారు. ఆయన డప్పులవాళ్ళ వైపు తిరిగి, "ఏందిరా జూస్తున్నరు? కొట్టుండ్రి. ఆమె కూసుంటే ఆపుండ్రి, లేస్తే కొట్టుండ్రి" అన్నాడు.

అలాగే వెళ్ళాం. ఆమె కూర్చున్నప్పుడల్లా ఊరు ఆగింది. బరువుతో నిలబడలేక వెనకనున్న ఆడవాళ్ళు కొందరు తామూ గొంతుక్కూర్చోబోయి, కుండలు ఒరిగి కెవ్వున అరిచారు. కిష్టమ్మ వెనక్కి చూడలేదు గాని నవ్వింది, భుజాలు కదిలాయి. గుడి ముందు బోనం తన చేతులతో దించింది. నాకు ఆ రోజు ఆమెను చూసి పుట్టిన గర్వం, నా కన్నబిడ్డలు ఫస్టు క్లాసులో ప్యాసైనప్పుడు కూడా పుట్టలేదు.

ఇంటికి వచ్చాక మాత్రం వదలలేదు. మంచం మీద పడుకుని ఉంటే, పక్కన కూర్చుని విసురుతూ దులిపేశాను. "ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది? బావిలో మందు అప్పుడే పడేది!"

"ఇయ్యాల నా మీదికి అమ్మొచ్చి మందెయ్యుమంటది. రేపు ఇంకొకామె మీదికొచ్చి సూదులొద్దంటది. అప్పుడేం జేస్తవు పంతులమ్మా? అమ్మ మాటకు ఎదురు చెప్పనీకె ఉండదు. నా మాటైతే కొట్లాడొచ్చు, ఒప్పిచ్చొచ్చు" అంది. నేను విసనకర్రతో కాస్త గట్టిగా విసిరాను.

మర్నాడు పొద్దున్నే వీరేశం బడికి వచ్చి మా ఆయన దగ్గర బస్తా తీయించుకున్నాడు. బావి దగ్గర సగం ఊరు పోగైంది. సక్కుబాయి గడపలో నిలబడి ఉంది. కిష్టమ్మ నన్ను ఆనుకుని వెళ్ళి, బావి గట్టు పక్కన తన పద్ధతిలో కూర్చుంది. ఇన్‌స్పెక్టరు చెప్పిన ప్రకారం మా ఆయన బకెట్లో కలిపిస్తే, వీరేశం తన చేతులతోనే బావిలో గుమ్మరించాడు. ఘాటు వాసన గుప్పున లేచింది. ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కిష్టమ్మ వైపు తిరిగాడు.

"నీ మాట ఇని ఏస్తలేను పిల్లా. ఆ సక్కుబాయి మొఖం జూసి ఏస్తున్న" అన్నాడు.

"ఎవరి మొఖం జూసి ఏస్తేంది కాకా, ఏసినవు గదా. ఇగ నేను బతుకుత" అంది కిష్టమ్మ.

సూదుల బండి వచ్చిన రోజున అందరికంటే ముందు జబ్బ చాపింది ఆమే. తర్వాత కూడా ఊళ్ళో ఇద్దరు పోయారు, లేదని చెప్పను. కిష్టమ్మ మాత్రం ఆ వానాకాలం బతికింది. చంద్రమ్మ బాచుపల్లి నుంచి పసిబిడ్డతో తిరిగొస్తే, ఆ బిడ్డను ఒళ్ళో వేసుకుని, ఆ ఊదా గోళ్ళ వేళ్ళతో కాచిన నీళ్ళు చుక్క చుక్కగా తాగించింది.